కాటా దగ్గర ఙ

పలక మీద దిద్దడమే తప్ప
ఈ అక్షరంతో నాకెప్పుడూ పని పడలేదు.
క ఖ గ ఘ ల చివర
జీతం లేని నౌకరులా నిలబడి ఉండేది.
చంద్రగిరి కొండమీద, టిబెట్ కాలనీ గోదాములో
మొక్కజొన్న తూచే గుమస్తాగా చేరాక,
నలభయ్యో ఏట,
నాకూ దానికీ ఒకేసారి పని దొరికింది.

చిక్, ఞీ, సుమ్, షీ, ఙ.
అయిదు దాకా లెక్క నేర్చుకున్నాను.
నా కొలువుకి అదే ఎక్కువనుకున్నాను.

ఆశ్వయుజం ముసురు. ఇంజను ఆపకుండా కూర్చున్నాడు డ్రైవరు.
బస్తాలు తడుస్తున్నాయి, హమాలీలు తిడుతున్నారు.
"తర్వాత ఎవరు?" అన్నాను చీటీల్లోంచి తలెత్తకుండా.
"ఙ" అంది ఒక ముసలి గొంతు.
అయిదని రాశాను. డబ్బులిచ్చాను.

రాత్రి లెక్క చూస్తే
ఒక బస్తా గాల్లో ఉంది.
జీతంలో కోసుకుంటానన్నాడు షావుకారు,
సొంపు నములుతూ.

తెల్లారి యాంగ్‌జోమ్ వచ్చింది.
చుబా మడతలోంచి తడి నోట్లు తీసి బల్లమీద పరిచింది.
"నాలుగే తెచ్చాను," అంది ఒడియాలో.
"ఎవరూ అన్నావు నువ్వు. నేనూ అన్నాను నేను.
నన్ను పట్టుకుని అయిదు చేశావు."
పళ్ళు లేని నోటితో చాలాసేపు నవ్వింది.

నా రెండు వేళ్ళు తీసి తన గొంతు మీద పెట్టుకుంది.
ఙ. లోపలి ముడి పైకి జరిగింది. అయిదు.
ఙ. ఏట్లోకి గేదె దిగినట్టు, తొందర లేకుండా దిగింది. నేను.
"డప్పు కూడా పైదే," అంది.
అయిదు డప్పులు కావాలంటే ఏమంటారో
నేనడగలేదు.

"ఎంత పెద్ద మనసమ్మా మీ భాషది,
నేను అనే మాటని వంగి పలుకుతారు," అన్నాను.
"వంగడమేమిటి? శబ్దం అంతే.
మేక కూడా కిందిదే మాకు.
మేకకి వినయముందా?"

మనవరాలు చీటీ వెనక రాసి చూపించింది.
అయిదులో ఙ నెత్తిన ఒక ల ఉంది.
ఒకప్పుడు పలికేవారట, ఎప్పుడో నోట్లోంచి జారిపోయింది.
ఆ పళ్ళెంలోంచి ల తీసేశారు,
ఈ పళ్ళెం లేచింది.
కాటా పట్టినవాడికి ఇంతకన్నా చెప్పక్కర్లేదు.

టైరు విప్పుతూ విన్నాడు లారీ జగ్‌తార్ సింగు.
"మా పంజాబీలోనూ అంతే," అన్నాడు.
కోడా, సమంగా అంటే కొరడా.
దించి అంటే గుర్రం.
ఎత్తి అంటే కుష్ఠురోగి.
గుర్రంలో ఒక ఘ ఉండేదట, దాని ఊపిరి పోయింది.
మరి అక్కడ పళ్ళెం లేవలేదు, కుంగింది.
వాళ్ళ తమ్ముడు హాంకాంగులో వాచ్‌మన్.
అక్కడ ఆరు మెట్లట.
ఏ మెట్టు మీద కాలు జారినా
ఇంకెవరి ఇంట్లోనో పడతావట.
ఒక్కో ఊళ్ళో కాటా ఒక్కోలా మొగ్గుతుంది.
రాళ్ళు ఎవరెవరు పోగొట్టుకున్నారో మరి.

ఆ రాత్రి పర్లాకిమిడికి ఫోన్ చేసి
మనకి ఇలాంటిదేమీ లేదు అని చెప్పాను,
గర్వంగానో, దిగులుగానో.
"ఊఁ," అంది కుసుమలత.
అది వింటున్నాననే ఊఁ కాదు.
జీతం కోత సంగతి ముందే తెలిసిన ఊఁ.
కాసేపాగి ఇంకొకటి,
నూతిలో చేద తగలనంత కిందికి.
నిఘంటువులో మాత్రం ఒకటే ఉంది.

ఈ ఏడు యాంగ్‌జోమ్ గొంతుకి
బరంపురం ఆస్పత్రిలో కోత పడింది.
ఇప్పుడు గాలి మాత్రమే వస్తుంది.
దానికి ఎక్కుడూ లేదు, దిగుడూ లేదు.

నిన్న గోదాము ముందు వరస. మళ్ళీ ముసురు.
"తర్వాత ఎవరు?"
ఙ.
పైదా, కిందిదా?
ఈసారి తలెత్తి చూశాను.
బస్తాలు అయిదు.
వాటి పక్కన, తడిసి, ఆమె.
చీటీ మీద రెండూ రాశాను.